ఒకే ఫిల్మ్‌పై రెండు లోకాలు: జానపద బ్రహ్మ విఠలాచార్య

తెలుగు చలనచిత్ర రంగంలో జానపద చిత్రం అనగానే ప్రేక్షకుల మదిలో మొట్టమొదట మెదిలే పేరు బి. విఠలాచార్య. కనురెప్ప పాటులో మాయమయ్యే మాంత్రికులు, గాలిలో తేలివచ్చే దెయ్యాలు, శాపవశాన రూపం మారిపోయే రాజకుమారులు, ఒకే తెరపై ఎదురెదురుగా నిలిచి మాట్లాడుకునే కవల సోదరులు - ఇటువంటి అద్భుతాలను దశాబ్దాల పాటు పల్లె జనానికి పంచిపెట్టిన దర్శక నిర్మాత ఆయన. అభిమానులు ఆయనను జానపద బ్రహ్మ అని పిలుచుకున్నారు.

ఆ బ్రహ్మ జన్మించినది తెలుగు నేలపై కాదు. కన్నడ దేశపు పడమటి కడలి ఒడ్డున. అక్కడి నుండి బయలుదేరిన బాలుడు మలెనాడు అంచులు దాటి, మైసూరు మీదుగా మద్రాసు చేరి, తెలుగువారి ఇంటి మనిషి కావడం ఒక విశేషమైన ప్రయాణం. కృష్ణా తుంగభద్రల మధ్య నున్న రాయచూరు జిల్లాలో కన్నడం, తెలుగు ఒకే వీధిలో వినిపిస్తాయి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుండి మైసూరు రాష్ట్రంలో చేరింది. గీత మారినా ఇళ్ళలోని భాషలు మారలేదు. తుంగభద్ర కాలువ నీటిని నమ్ముకొని ఆంధ్ర ప్రాంతం నుండి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలోని క్యాంపులలో స్థిరపడిన కుటుంబాలు ఆ తెలుగుకు మరింత బలం చేకూర్చాయి. ఒకనాడు దొడ్డాట చూసి, మరునాడు తెలుగు చిత్రానికి బండి కట్టుకొని వెళ్ళిన ఇటువంటి సరిహద్దు కుటుంబాలకు విఠలాచార్య జీవితం పరాయిది కాదు. రెండు భాషలనూ జీవనాధారంగా చేసుకొన్న మనిషి కథ అది.

ఆయన చూపిన మాయ వెనుక మంత్రమేదీ లేదు. ఒకసారి బొమ్మ పడిన ఫిల్మ్‌ను వెనుకకు త్రిప్పి, దానిపై మరొకసారి బొమ్మ తీయడమనే ఓర్పుతో కూడిన శ్రమ ఉన్నది. ఆ శ్రమకు అవసరమైన పొదుపు, సాహసం ఆయనకు ఎక్కడినుండి అబ్బాయో తెలుసుకోవాలంటే బాల్యం నుండి ఆరంభించాలి.

బాల్యం, వలస

విఠలాచార్య 1920 జనవరిలో ఉడుపి తాలూకాలోని ఉద్యావర గ్రామంలో జన్మించారు. తండ్రి పద్మనాభాచార్య ఆయుర్వేద వైద్యులు. పేదలకు ఉచితంగా చికిత్స చేసేవారని ప్రతీతి. ఇంట సంతానం ఎక్కువ, సంపద తక్కువ. విఠలాచార్య చదువు ప్రాథమిక తరగతుల వద్దనే ఆగిపోయింది.

పాఠశాల విడిచిన బాలునికి ఆ ప్రాంతపు యక్షగానమే పాఠశాల అయింది. పంటలు ఇంటికి చేరిన తరువాత మేళాలు ఊరూరా తిరిగి, చీకటి పడినది మొదలు తెల్లవారే వరకు ఆడేవి. దివిటీల వెలుగులో కిరీటం ధగధగలాడే వేషధారి ముందు తెర వెనుక సగమే కనిపించడం, తరువాత హఠాత్తుగా తెర తొలగి రాక్షసుడు సాక్షాత్కరించడం, చూసే పిల్లలకు ఒళ్ళు జలదరించే దృశ్యం. కనిపించడం, కనిపించకపోవడం అనే రెండింటి నడుమ ప్రేక్షకుని ఊపిరి ఎలా నిలిచిపోతుందో ఆ రాత్రులు ఆయనకు నేర్పాయి.

తొమ్మిదేళ్ళ ప్రాయంలోనే ఆయన ఇల్లు విడిచి హాసన్ జిల్లాలోని అరసీకెరె చేరుకున్నారు. అది రైలు మార్గాలు కలిసే ఊరు. దొరికిన పనల్లా చేస్తూ పొట్ట పోసుకొన్నారు. కొంతకాలానికి బంధువు నడుపుతున్న ఉడుపి హోటలును తానే కొని, దానిని లాభాల బాట పట్టించారు. హోటలు వ్యాపారంలో తెల్లవారుజామున ఎంత పిండి రుబ్బాలో, సాయంత్రానికి ఎంత మిగలకూడదో లెక్క తెలియాలి. చలనచిత్ర రంగానికి వచ్చిన తరువాత కూడా ఆయనను విడువని గుణం ఈ లెక్కే.

ఉద్యమం నుండి టెంటు సినిమా వరకు

1942లో క్విట్ ఇండియా ఉద్యమం దేశమంతటా చెలరేగింది. విఠలాచార్య మిత్రులతో కలిసి ఉద్యమంలో పాల్గొని నిర్బంధానికి గురయ్యారు. విడుదలైన తరువాత ఆయన మనసు హోటలు మీద నిలువలేదు. హోటలును తమ్ముని చేతిలో పెట్టి, డి. శంకర్ సింగ్ తదితర మిత్రులతో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు నడపసాగారు.

టూరింగ్ టాకీసు అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పవలసి వస్తుంది. ఊరి చివర ఖాళీ స్థలంలో గుంజలు పాతి, గుడారం కట్టి, ఒక కొసన తెల్లని తెర, మరొక కొసన ప్రొజెక్టరు అమర్చేవారు. చీకటి పడితే గాని ఆట మొదలయ్యేది కాదు. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు. సాధారణంగా ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి ఒక రీలు పూర్తికాగానే ఆట ఆపి, మరొక రీలు ఎక్కించేవారు. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. ఆ విరామంలో నేల తరగతి జనం మాట్లాడుకునే మాటలు వింటే చాలు, చిత్రం ఆడుతుందో లేదో యజమానికి తెలిసిపోయేది.

ఆ గుడారంలో విఠలాచార్యకు రెండు విద్యలు అబ్బాయి. మొదటిది ప్రేక్షకుని నాడి. ఒకే చిత్రాన్ని పలు ఊళ్ళలో, పలు రాత్రులు చూసే అవకాశం టెంటు యజమానికి తప్ప ఇతరులకు దొరకదు. ఎక్కడ జనం కదలక కూర్చుంటారో, ఎక్కడ బీడీలు వెలిగించుకొంటారో ఆయన గమనించారు. రెండవది ఫిల్మ్ అనే వస్తువుతో పరిచయం. ఎన్నో ఊళ్ళు తిరిగిన ప్రింటు తరచుగా తెగేది. ఆపరేటరు దాని అంచు గీకి, సిమెంటు పూసి అతికేవాడు. అతికిన ప్రతిసారీ కొన్ని బొమ్మలు పోయేవి. తెరమీద నడుస్తున్న మనిషి ఆ అతుకు దగ్గరకు రాగానే ఒక్కసారిగా రెండడుగులు ముందుకు దూకేవాడు. ప్రేక్షకులు నవ్వుకొనే ఆ దూకుడులోనే ట్రిక్ ఫొటోగ్రఫీ మూలసూత్రం దాగి ఉన్నది. ఫిల్మ్ నిలువునా పేర్చిన నిశ్చలచిత్రాల వరుస మాత్రమే. అడుగుకు 16 బొమ్మలు, సెకనుకు 24 బొమ్మలు. ఆ వరుసను ఎక్కడైనా ఆపవచ్చు, తీసివేయవచ్చు, మళ్ళీ వ్రాయవచ్చు.

ఒక టెంటుతో మొదలైన వ్యాపారం నాలుగు టెంట్లుగా పెరిగింది. 1944లో జయలక్ష్మిగారితో వివాహం జరిగింది. ఆపై ఆయన నివాసం మైసూరుకు మారింది.

మహాత్మా పిక్చర్స్ రోజులు

చిత్రాలు ప్రదర్శించిన మిత్రులే చిత్రాలు నిర్మించాలని సంకల్పించారు. శంకర్ సింగ్, విఠలాచార్య తదితరులు కలిసి మైసూరులో మహాత్మా పిక్చర్స్ సంస్థను నెలకొల్పారు. అది కన్నడ చలనచిత్ర రంగం ఇంకా తప్పటడుగులు వేస్తున్న కాలం. మద్రాసు నగరానికున్నన్ని సౌకర్యాలు మైసూరులో లేవు. అటువంటి స్థితిలో ఈ సంస్థ వరుసగా చిత్రాలు నిర్మించి నిలదొక్కుకొన్నది. 1951లో శంకర్ సింగ్ దర్శకత్వంలో వచ్చిన జగన్మోహిని కన్నడ జానపద చిత్రాలలో పేరుపొందింది. మరుసటి సంవత్సరం శ్రీనివాస కల్యాణ చిత్రంతో విఠలాచార్య స్వయంగా దర్శకులయ్యారు.

1953 ప్రాంతంలో భాగస్వాములు విడిపోయారు. విఠలాచార్య విఠల్ ప్రొడక్షన్స్ పేరిట సొంత సంస్థను స్థాపించి, మద్రాసుకు తరలివచ్చారు. కన్నడంలో తీసిన కన్యాదాన చిత్రాన్ని 1955లో కన్యాదానం పేరుతో తెలుగులో నిర్మించారు. అది జానపదం కాదు, సాంఘికం. 1956లో కన్నడంలో ముత్తైదె భాగ్య, 1958లో మనె తుంబిద హెణ్ణు వంటి కుటుంబ కథలు కూడా ఆయన తీశారు. కత్తియుద్ధాల దర్శకునిగా మాత్రమే ఆయనను ఎరిగినవారికి ఈ సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది.

తెలుగులో స్థిరపడినా కన్నడ బంధం తెగలేదు. మైసూరుకు చెందిన సంగీత సోదరులు రాజన్-నాగేంద్ర ఆయన చిత్రాలతో తెలుగు వారికి చేరువయ్యారు. అగ్గిపిడుగు పాటలు విని మురిసిన తెలుగు శ్రోతలలో, ఆ బాణీలు కట్టినవారు కన్నడిగులని ఎరిగినవారు కొద్దిమందే ఉంటారు.

జానపదాల బాట

1959లో విడుదలైన జయవిజయ చిత్రంతో విఠలాచార్య తెలుగు జానపదాల బాట పట్టారు. 1960లో కనకదుర్గ పూజా మహిమ, 1961లో వరలక్ష్మీ వ్రతం, 1962లో మదనకామరాజు కథ వచ్చాయి. కాంతారావు ఈ చిత్రాలతో కత్తి పట్టిన కథానాయకునిగా జనహృదయాలలో స్థిరపడ్డారు. 1963లో ఎన్.టి. రామారావు కథానాయకునిగా బందిపోటు విడుదలైంది. ఆ తరువాత అగ్గిపిడుగు, మంగమ్మ శపథం, అగ్గిబరాటా, చిక్కడు దొరకడు, గండికోట రహస్యం, ఆలీబాబా 40 దొంగలు, లక్ష్మీ కటాక్షం వంటి చిత్రాలు వరుసగా వచ్చాయి.

ఈ చిత్రాల కథలు పల్లెవారికి కొత్తవి కావు. అవ్వ నోట విన్న ఏడు సముద్రాల అవతలి చిలుక, తోలుబొమ్మలాటలో చూసిన రాక్షసుడు, జాతరలో చెప్పుకొన్న అమ్మవారి మహిమ అందులో ఉండేవి. చెవితో విన్నదానిని కంటికి చూపించడమే కొత్త. వినే కథలో మాంత్రికుడు మాయమయ్యాడు అనగానే మాయమవుతాడు. తెరపై మాత్రం ఆ ఒక్క మాట నిజం కావడానికి పలువురు సాంకేతిక నిపుణులు పగలూ రాత్రీ పనిచేయవలసి ఉంటుంది.

మాయ పుట్టే విధానం

ట్రిక్ దృశ్యాలలో అన్నిటికన్నా సులభమైనది కెమెరా ఆపి మళ్ళీ నడపడం. మాంత్రికుడు మంత్రం చదవగానే కెమెరా ఆపుతారు. మిగిలిన నటులందరూ శిలలవలె కదలక నిలబడాలి. మాంత్రికుడు పక్కకు తప్పుకొంటాడు. కెమెరా తిరిగి నడుస్తుంది. తెరపై చూసేవారికి మనిషి గాలిలో కలిసిపోయినట్లు తోస్తుంది. ఫ్రాన్సులో జార్జి మెలియె 19వ శతాబ్దం ముగియక ముందే ఈ కిటుకును విరివిగా వాడారు. మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే పౌరాణిక చిత్రాలలో ట్రిక్ దృశ్యాలకు పెద్దపీట వేశారు.

దెయ్యం కొంచెం కష్టం. దాని శరీరం గుండా వెనుకనున్న గోడ కనిపించాలి. ముందు గది దృశ్యాన్ని చిత్రిస్తారు. తరువాత ఆ ఫిల్మ్‌ను చీకటిలో సరిగ్గా మొదటి బొమ్మ వరకు వెనుకకు త్రిప్పుతారు. ఈసారి నల్లని తెర ముందు తెల్లని చీర కట్టిన నటిని నడిపించి, అదే ఫిల్మ్‌పై మళ్ళీ చిత్రిస్తారు. నలుపు ఫిల్మ్‌పై ముద్ర వేయదు. తెలుపు మాత్రమే పడుతుంది. గది చెక్కుచెదరకుండా ఉంటుంది, అందులో దెయ్యం తేలుతుంది. దీనినే డబుల్ ఎక్స్‌పోజర్ అంటారు.

ద్విపాత్రాభినయం ఇంకా కష్టం. కటకానికి ముందు నల్లని అట్ట పెట్టి దృశ్యంలో సగం మూసివేస్తారు. దానినే మాస్క్ అంటారు. తెరచి ఉన్న సగంలో నటుడు అన్న వేషంలో, ఎదుట ఎవరూ లేకపోయినా ఉన్నట్లే చూస్తూ సంభాషణ చెప్పాలి. ఆపై ఫిల్మ్ వెనుకకు త్రిప్పి, మూసిన సగం తెరచి, తెరచిన సగం మూసి, అదే నటుడు తమ్ముని వేషంలో జవాబు చెప్పాలి. ఈ రెండింటి నడుమ కెమెరా వెంట్రుకవాసి కదలరాదు, దీపాల వెలుగు మారరాదు. అతుకు గీత కనబడకుండా ఉండేందుకు దానిని స్తంభం అంచునో తలుపు చట్రం వెంబడో అమర్చేవారు.

ఈ పద్ధతిలో పొంచి ఉన్న ప్రమాదం ఒకటున్నది. రెండు చిత్రీకరణలూ ఒకే నెగిటివ్‌పై జరుగుతాయి. మొదటిది ఎంత గొప్పగా వచ్చినా, రెండవసారి నటుడు గీత దాటితే, దీపం మినుకుమంటే, ఎవరైనా కెమెరా కాలికి తగిలితే రెండూ కలిసి పాడవుతాయి. ప్రయోగశాలలో కడిగి చూసేవరకు ఫలితం తెలియదు. అప్పటికి సెట్టు విప్పేసి ఉండవచ్చు, నటుడు మరో చిత్రానికి వెళ్ళిపోయి ఉండవచ్చు. ముడి ఫిల్మ్ విదేశాల నుండి దిగుమతి కావలసిన రోజులవి. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఉత్పత్తి మొదలైనది 1967లో గాని కాదు. పాడైన ప్రతి అడుగూ నిర్మాత జేబుకు చిల్లే.

ఈ ప్రమాదాన్ని తప్పించే యంత్రమే ఆప్టికల్ ప్రింటరు. పొడవాటి ఇనుప పట్టాపై ఒక కొసన ప్రొజెక్టరు, ఎదురుగా మరొక కొసన కెమెరా, రెండింటి నడుమ కటకం ఉంటాయి. ముందుగా తీసిన నెగిటివ్ నుండి పాజిటివ్ ప్రతి తీసి ప్రొజెక్టరులో ఎక్కిస్తారు. కెమెరాలో కొత్త ఫిల్మ్ ఉంటుంది. ఒక్కొక్క బొమ్మనే నిలిపి ఒక్కొక్కటిగా మళ్ళీ చిత్రిస్తారు. అన్న దృశ్యం ఒకసారి, తమ్ముని దృశ్యం మరొకసారి విడివిడిగా తీసుకొని, ఇక్కడ మాస్కుల సాయంతో ఒకే ఫిల్మ్‌పై కలుపుతారు. పొరపాటు జరిగితే చెడేది ఈ కొత్త ఫిల్మ్ మాత్రమే. అసలు నెగిటివ్ భద్రంగా పెట్టెలో ఉంటుంది.

ఈ యంత్రంతో మరెన్నో పనులు సాధ్యమవుతాయి. ఒకే బొమ్మను పదేపదే చిత్రిస్తే నడిచే మనిషి శిలలా నిలిచిపోతాడు. వెనుకనుండి ముందుకు చిత్రిస్తే నేల రాలిన పువ్వు కొమ్మ చేరుతుంది. కొన్ని బొమ్మలు వదిలివేస్తే గుర్రం పరుగు రెట్టింపవుతుంది. ఒక దృశ్యం కరిగి మరొకటి కావడం, కదిలే బొమ్మపై పేర్లు పడడం కూడా దీని చలవే. అమెరికాలో ఆర్.కె.ఓ. స్టూడియోలో పనిచేసిన లిన్‌వుడ్ డన్, ఆయన సహచరుడు సెసిల్ లవ్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక చిత్రవిభాగాల కోసం రూపొందించిన ఆక్మే-డన్ ప్రింటరు, ఎవరైనా కొనుక్కొని వాడుకోదగిన తయారీ యంత్రంగా పేరు గడించింది. అంతకు మునుపు ఏ స్టూడియో అవసరానికి తగినట్లు ఆ స్టూడియోనే యంత్రాన్ని కూర్చుకొనేది.

దీనికీ ఒక మూల్యం ఉన్నది. ప్రతికి ప్రతి తీసినప్పుడల్లా బొమ్మ కొంత సొగసు కోల్పోతుంది. ఇసుక చల్లినట్లు గరుకుదనం పెరుగుతుంది, నలుపు తెలుపుల నడుమ మెత్తదనం తగ్గుతుంది. పాత చిత్రాలను శ్రద్ధగా చూసేవారు ఈ తేడాను ఇట్టే పట్టుకోగలరు. హాయిగా నడుస్తున్న దృశ్యం ఉన్నట్టుండి కొంచెం మసకబారితే, మరుక్షణంలో ఏదో కరగబోతున్నదని, ఎవరో మాయం కాబోతున్నారని అర్థం. మళ్ళీ చిత్రించిన ఫిల్మ్ ముక్క అక్కడే అతుకబడి ఉంటుంది. మాయ తన రాకను తానే ముందుగా చాటుకొంటుంది.

ఏ దృశ్యాన్ని కెమెరాలోనే ముగించాలి, దేనిని ప్రయోగశాలకు పంపాలి అన్న నిర్ణయం ఈ రెండు నష్టాలను తూచి చేయవలసినదే. ఒకదానిలో అంతా పోయే ప్రమాదం, మరొకదానిలో అందం తగ్గే ఖాయమైన నష్టం. ట్రిక్ దృశ్యాలే ప్రాణమైన చిత్రాలు తీసే ప్రతి నిర్మాతకూ ఈ తూకం తప్పదు. హోటలు గల్లా పెట్టె దగ్గర పెరిగిన విఠలాచార్యకు ఆ తూకం కొట్టిన పిండి.

కవలలు, శాపాలు, పొదుపు

ద్విపాత్రాభినయం విఠలాచార్యకు ఇష్టమైన అంశం. 1964లో వచ్చిన అగ్గిపిడుగు చిత్రంలో ఎన్.టి. రామారావు కవల సోదరులుగా నటించారు. ఒకరికి దెబ్బ తగిలితే మరొకరు ఆ బాధను అనుభవించడం కథలోని ఆయువుపట్టు. అటువంటి కథలో ఇద్దరూ ఒకే తెరపై కనిపించకపోతే ప్రేక్షకుడు నమ్మడు. 1965లో మంగమ్మ శపథంలో తండ్రీకొడుకులుగా, 1969లో గండికోట రహస్యంలో మళ్ళీ రెండు పాత్రలలో రామారావు కనిపించారు.

ఆయన పొదుపు గురించి చిత్రసీమలో కథలుగా చెప్పుకొంటారు. ఒక చిత్రానికి వేసిన సెట్టు రంగు మార్చుకొని మరొక చిత్రంలో ప్రత్యక్షమయ్యేదట. తేదీలు ఇవ్వక ఇబ్బంది పెట్టిన నటుని పాత్రను ఏ మునిశాపంతోనో చిలుకగానో మేకగానో మార్చి, కథను ఆపకుండా నడిపించేవారట. ఇందులో నిజమెంతైనా, ఆ కథలు ప్రచారంలోకి రావడానికి తగిన కారణం ఉన్నది. అనుకొన్న ఖర్చులో, అనుకొన్న కాలంలో చిత్రాన్ని ముగించడం ఆయనకు వ్రతం వంటిది. జానపద చిత్రంలోని మాయ ఆ వ్రతానికి తోడు నిలిచింది. సాంఘిక చిత్రంలో నటుడు రాకపోతే షూటింగ్ ఆగిపోతుంది. జానపదంలో శాపం తగిలితే చాలు.

విమర్శ, ఆదరణ

పత్రికల విమర్శకులలో పలువురు జానపద చిత్రాలను చిన్నచూపు చూశారు. తర్కానికి నిలువవని, మూఢనమ్మకాలను పెంచుతాయని ఆక్షేపించారు. ఈ ఆక్షేపణను పూర్తిగా కొట్టివేయడానికి వీలులేదు. దెయ్యాలను, మంత్రగాళ్ళను తెరపై చూసి భయపడిన పిల్లలు రాత్రి పెరట్లోకి వెళ్ళడానికి జంకిన మాట నిజమే. అదే సమయంలో, ఆ చిత్రాలలో మంత్రగాడు చివరకు ఓడిపోతాడన్నదీ నిజమే. క్షుద్రశక్తిని నమ్ముకొన్నవాడు నశిస్తాడు, కష్టజీవి గెలుస్తాడు. రోజంతా పొలంలో వంగి పనిచేసి, చాప చంకన పెట్టుకొని టెంటుకు వచ్చిన మనిషికి ఆ గెలుపు అవసరమైంది. టెంటు యజమానిగా నేల తరగతిని గమనించిన దర్శకునికి ఆ అవసరం తెలుసు.

1970లలో రంగుల చిత్రాలు రాజ్యమేలసాగాయి. ప్రేమకథలు, పగ కథలు జానపదాలను పక్కకు నెట్టాయి. రంగుల ఫిల్మ్‌పై మళ్ళీ చిత్రించే పని మరింత జటిలమైంది. నలుపు తెలుపులలో ప్రతి తీస్తే గరుకుదనమే పెరిగేది, రంగులలో వర్ణాలు కూడా మారిపోయేవి. అటువంటి ప్రతికూల సమయంలో విఠలాచార్య 1978లో జగన్మోహిని తీశారు. మైసూరు రోజులలో తమ సంస్థకు పేరు తెచ్చిన చిత్రం పేరే దీనికి పెట్టారు. నరసింహరాజు, జయమాలిని ముఖ్యపాత్రలు ధరించారు. జానపదాల కాలం చెల్లిందనుకొన్న రోజులలో ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. తమిళంలోకి అనువాదమై అక్కడి ప్రేక్షకులనూ అలరించింది. మరుసటి సంవత్సరం గంధర్వ కన్య వచ్చింది.

చివరి రోజులు, మిగిలిన ఆస్తి

విఠలాచార్య 1990ల ఆరంభం వరకు చిత్రాలు తీస్తూనే ఉన్నారు. ఆయన దర్శకత్వం వహించిన చిత్రాలు 70 వరకు ఉంటాయని అంచనా. 1999 మే 28న ఆయన కన్నుమూశారు. తొమ్మిదేళ్ళ వయసులో ఇల్లు విడిచిన బాలుడు 79 ఏళ్ళ వయసులో సెలవు తీసుకొనేనాటికి, ఆయన చేపట్టిన విద్య స్వరూపమే మారిపోతున్నది. మాస్కులు, వెనుకకు త్రిప్పడాలు, ఆప్టికల్ ప్రింటర్లు చేసిన పనిని కంప్యూటరు చేయడం మొదలైంది. తరువాతి పదిహేనేళ్ళలో ఫిల్మ్ ప్రదర్శన దాదాపు అంతరించింది. ఫిల్మ్ ప్రయోగశాలలు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఊరి చివరి గుడారాలు అంతకు ముందే లేచిపోయాయి.

నేడు ఆయన చిత్రాలను టెలివిజన్‌లోనో సెల్‌ఫోన్‌లోనో చూస్తున్నారు. చాలా వరకు అవి అరిగిపోయిన ప్రతులనుండి తీసినవి. గీతలు పడి, రంగు వెలసి, అంచులు తెగి ఉంటాయి. ఫిల్మ్ వేడికీ తేమకూ తట్టుకోదు. పులిసిన వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. చల్లని, పొడి గదిలో దాచకపోతే నెగిటివ్ కొన్ని దశాబ్దాలకే చేజారిపోతుంది.

పాత ఫిల్మ్‌ను కాపాడే ఉపాయం కూడా మళ్ళీ చిత్రించడమే కావడం గమనార్హం. ముడుచుకుపోయిన ఫిల్మ్‌ను ఒక్కొక్క బొమ్మగా నిలిపి, కొత్త ఫిల్మ్‌పైకి ఎక్కించి రక్షించేందుకు ఆప్టికల్ ప్రింటర్లను వాడారు. నేటి స్కానర్లు చేసేది కూడా అదే. ఒక్కొక్క బొమ్మనూ ఫొటో తీసి కంప్యూటరులో దాచడం. 1957 నాటి మాయాబజార్ చిత్రానికి ఇటువంటి శ్రద్ధ దక్కి, 2010లో రంగులద్దుకొని మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఒక రెండున్నర గంటల చిత్రంలో రెండు లక్షలకు పైగా బొమ్మలుంటాయి. అన్నిటినీ శుభ్రపరచి దాచాలంటే ధనం, ఓర్పు రెండూ కావాలి. పండితులు మెచ్చిన చిత్రాలకు ఆ భాగ్యం ముందుగా దక్కుతుంది. నేల తరగతి మెచ్చిన చిత్రాలు వరుసలో చివర నిలబడవలసి వస్తుంది.

విఠలాచార్య చిత్రాలు అటువంటి వరుసలోనివే. సరిహద్దు పల్లెలలో తాతలు మనవలకు చెప్పే సినిమా ముచ్చట్లలో అవి ఇంకా సజీవంగా ఉన్నాయి. ఒక కన్నడిగుడు తెలుగువారికి చెప్పిన అవ్వ కథలవి. ఏ బొమ్మపై ఏ బొమ్మ ఎలా పడిందో తెలిసిన తరువాత కూడా ఆ దెయ్యం తెల్లచీరతో గోడలో నుండి రాగానే చిన్నపిల్లలు ఇప్పటికీ పెద్దల ఒడిలోకి ఒదుగుతారు. ఆ ఫిల్మ్‌లు పూర్తిగా ముడుచుకుపోక ముందే ఎవరైనా వాటిని చేతికి తీసుకొని, మొదటి బొమ్మ వరకు వెనుకకు త్రిప్పి, మరొక్కసారి చిత్రించవలసి ఉన్నది.